వెడల్పు చక్రాల మోజు – కోయంబత్తూరు మనవాళ్ళు నేర్పిన కొలత

ఈసారి కాస్త పెద్ద పోస్టే. తీరిగ్గా చదవండి, ఇంట్లో కుర్రవాళ్ళ చేత కూడా చదివించండి.

పోయిన ముహూర్తాల్లో మా చెల్లెలి కొడుకు స్విఫ్టు కారులో కూనూరు పెళ్ళికి వెళ్ళాం. వాడు అంతకు నెల ముందే కంపెనీ చక్రాలు తీసేసి వెడల్పు అల్లాయ్ చక్రాలు వేయించాడు. కారు చూడడానికి దిట్టంగానే ఉంది. తిరుగు ప్రయాణంలో ఐదుగురం, వెనక సామాను. బర్లియార్ మలుపుల్లో గుంత పడినప్పుడల్లా వెనకనుంచి బర్రుమని శబ్దం. దిగి చూస్తే టైరు భుజం మడ్‌గార్డు అంచుకి రాసుకుని రెండు వేళ్ళ పొడుగున కోసుకుపోయింది. ఇంకో పది మైళ్ళు పోయుంటే ఏమయ్యేదో! అమర్చిన షాపువాళ్ళని అడిగితే "ఖాళీ కారులో సరిగ్గానే ఉందిగదా సార్" అన్నారు. అది నిజమే. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

వెడల్పు చక్రం అన్న మోజు నిన్నమొన్నటిది కాదు. గాలి టైరుకి 1845లోనే రాబర్ట్ థామ్సన్ పేటెంట్ తీసుకున్నాడు, లోకం పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించాలని మళ్ళీ కనిపెట్టాడు. 1895లో మిషలిన్ అన్నదమ్ములు పారిస్–బోర్డో పందెంలో గాలి టైర్లతో కారు నడిపారు. ఆ కాలం కారు చక్రాలు సన్నగా, ఎత్తుగా ఉండేవి. మన నాన్నల కాలం దాకా కూడా అంతే. అంబాసిడర్ టైరు 5.90–15, ఫియట్ పద్మిని టైరు 5.20–14. మొదటి అంకె వెడల్పు, అంగుళాల్లో. అంటే పద్మిని టైరు సుమారు 132 మిల్లీమీటర్లే!

వెడల్పుకి దారి తీసింది రేడియల్ టైరు. దానికి మిషలిన్ 1946లో పేటెంట్ తీసుకుంది. పాత టైర్లలో దారాలు అడ్డంగా అల్లుకుని ఉండేవి, పక్క గోడ వంగితే నేలని తాకే భాగం కూడా దానితోపాటు మెలికపడేది. రేడియల్‌లో నేలని తాకే భాగం కింద ఉక్కు పట్టీలు వేరుగా ఉంటాయి కాబట్టి గోడ వంగినా అడుగు చదునుగా నిలుస్తుంది. అందువల్లే గోడ పొట్టిగా, అడుగు వెడల్పుగా ఉన్న టైర్లు వీలయ్యాయి. 1970లలో పిరెల్లీ పి7 లాంటివి పందెపు కార్లనుంచి వీధి కార్లకి దిగాయి. మోజు అక్కడనుంచే పాకింది.

ఇక మన ఊరి మాట. జి.డి. నాయుడుగారు తెల్లదొర దగ్గర కొన్న రడ్జ్ మోటారు సైకిల్‌ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొళ్ళాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి తానే నడిపారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్‌గారు మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలం నాటి విమానాల దారిమీద జరిగే పందాల్లో పేరు తెచ్చుకున్నారు. తర్వాత మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కార్లు తయారుచేసి, డబ్బు లేని కుర్రవాళ్ళకి కూడా రేసింగ్ అందేలా చేశారు. 1995లో చిన్న వయసులోనే పోయారు. చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. ఇద్దరూ బండిని మార్చినవాళ్ళే. బండి లోపల ఏముందో తెలుసుకుని మార్చినవాళ్ళు.

మనం కూడా మార్చే ముందు తెలుసుకోవలసినవి నాలుగున్నాయి.

ఒకటి, మొత్తం ఎత్తు. స్విఫ్టుకి 185/65 ఆర్15 టైరు ఉందనుకోండి. 185లో 65 శాతం గోడ, అంటే 120.25. రెండు గోడలు, 15 అంగుళాల రిమ్ము కలిపితే 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 వేస్తే 620.9. దాదాపు సమానం, స్పీడోమీటరు అబద్ధం చెప్పదు.

రెండు, ఆఫ్‌సెట్. రిమ్ము 5.5 అంగుళాలనుంచి 7కి మారి, ఆఫ్‌సెట్ 45నుంచి 35కి తగ్గితే చక్రం బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. మావాడి కారు రాసుకున్నది ఈ లెక్క వెయ్యకే. కొలత ఖాళీ కారుమీద కాదు, మనుషులూ సామానూ ఎక్కించి, ముందు చక్రాలైతే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

మూడు, బోల్టుల వలయం, మధ్య రంధ్రం. రంధ్రం పెద్దదైతే మధ్యలో సరైన రింగు వెయ్యాలి, లేకపోతే వణుకు. టైరు మీద ఉన్న బరువు సంఖ్య కూడా కంపెనీ టైరుకంటే తగ్గకూడదు.

నాలుగు, వాన. వెడల్పు టైరు పొడినేలమీద మలుపుల్లో బాగా పట్టుకుంటుంది. నీళ్ళు నిలిచిన రోడ్డుమీద మాత్రం నీటిని తోసెయ్యడం కష్టమై తేలిపోతుంది. స్టీరింగ్ బరువు, పెట్రోలు ఖర్చు ఎటూ పెరుగుతాయి.

చట్టం కూడా మరవకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చక్రాలు కొనేముందు ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, ఇన్సూరెన్సువాళ్ళ దగ్గరా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

మావాడు ఇప్పుడు 195/55 ఆర్16కి వచ్చాడు. ముందు రిమ్ము అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, తర్వాతే షాపుకి వెళ్ళాడు. కారు ఇప్పటికీ అందంగానే ఉంది. పోయినవారం అదే కారులో మా అక్కని ఊటీ తీసుకెళ్ళి క్షేమంగా దించాడు. బర్లియార్ దాటుతుంటే అక్క కునుకు తీసిందట. మీ ఇంట్లో ఎవరైనా చక్రాలు మార్చాలనుకుంటే ఇక్కడే అడగండి, కలిసి లెక్కేసుకుందాం.