రామనగరంలో పదకొండు నెలలు

1921 వేసవిలో చీరాల, పేరాల జంట ఊళ్ళ జనం మూటాముల్లె సర్దుకొని పొలిమేర దాటారు. ఉన్నది సుమారు 15 వేల మంది. అందులో 13 వేల మంది దాకా వెళ్ళిపోయారు. ముసలీముతకా, పిల్లాజెల్లా, గొడ్డూగోదా అంతా కదిలారు. తమ ఊరికి మున్సిపాలిటీ వద్దన్నదే వాళ్ళ పట్టు.

అంతకుముందు చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేటలు కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. అప్పట్లో అది గుంటూరు జిల్లా. ఏడాదికి నాలుగు వేల రూపాయల పన్నుతో పనులు జరిగిపోయేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్ను 40 వేలకు చేరింది. జనం అర్జీలు పెట్టుకున్నారు, ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. స్థానిక స్వపరిపాలన శాఖ అప్పటికి భారతీయ మంత్రి చేతిలోకే వచ్చింది. ఆ మంత్రి జస్టిస్ పార్టీ నాయకుడు, తెలుగువాడే అయిన పానగల్లు రాజా. అయినా మున్సిపాలిటీ రద్దు కాలేదు. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఈ కథ పాఠ్యపుస్తకాల్లో నాయకుడి పేరుతో మొదలై ఆయన అరెస్టుతో ముగుస్తుంది. దాన్ని ఇంటి గడప దగ్గర నిలబడి చూస్తేనే అసలు బరువు తెలుస్తుంది. చీరాల నేతగాళ్ళ ఊరు. ఇక్కడి తేలియా రుమాళ్ళు సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. నేతగాడికి ఇల్లు తలదాచుకునే చోటు మాత్రమే కాదు, పని జరిగేదీ అక్కడే. గుంట మగ్గాన్ని నేలలో గొయ్యి తవ్వి నిలబెడతారు. నేతగాడు గోతి అంచున కూర్చొని కాళ్ళు లోపలికి దించి తొక్కుతాడు. నేల చెమ్మ వల్ల పడుగు దారం ఎండి తెగిపోకుండా ఉంటుంది. ఆడవాళ్ళు నూలు తోడతారు, పిల్లలు కండెలు చుడతారు. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి ఇంట్లో చోటు చాలదు, వీధి పొడుగు కావాలి. అందుకు ఇరుగుపొరుగు కలిసి రావాలి. అలా ఒక చీర వెనుక ఇల్లిల్లూ, వీధి వీధీ ఉంటాయి. అలాంటి కుటుంబం ఇల్లు వదిలిందంటే కూడు పెట్టే మగ్గాన్నీ, తోడు నిలిచే వీధినీ కూడా వదిలినట్టే.

వాళ్ళను ముందుకు నడిపించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణం అనే నాట్యగ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ పుస్తకం 1917లో హార్వర్డ్ నుంచి వచ్చింది. నాట్యశాస్త్రం తెలిసిన అంత పెద్ద చదువరి నేతపేటల్లో మకాం పెట్టి, పాటతో పద్యంతో జనాన్ని కూడగట్టాడు. రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకులను తయారుచేశాడు. జనం ఆయనను ఆంధ్రరత్న అన్నారు. రాముడి పేరు ఎత్తుకోవడంలోనే ఆయన నేర్పు కనిపిస్తుంది. ఊరు విడిచి వెళ్ళడమంటే వనవాసమని తెలుగు ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిశాక, 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. ఆయన చూపిన దారులు రెండు. పన్ను కట్టకుండా శాంతంగా శిక్ష అనుభవించడం ఒకటి, ఊరే ఖాళీ చేసి మున్సిపల్ హద్దు దాటడం రెండోది. హద్దు అవతల ఉన్నవాడిని మున్సిపాలిటీ పన్ను అడగలేదు. జనం రెండోదాన్ని ఎంచుకున్నారు. కాంగ్రెస్ మీద ఆధారపడకుండా సొంత బలంతోనే నిలవాలని గాంధీ ముందే చెప్పాడు.

అలా ఊరి వెలుపల పాకలు లేచాయి. ఆ చోటుకు రామనగరం అని పేరు పెట్టారు. రామదండు కాపలా కాసింది. ఎండాకాలంలో మొదలైన కాపురాలు కోస్తా వానల్లోకీ, తుపానుల కార్తెల్లోకీ వెళ్ళాయి. వాన పడితే మగ్గం గుంటలో నీళ్ళు నిలుస్తాయి, పడుగు ఆరదు. నేత ఆగితే వారం తిరిగేసరికి పొయ్యి వెలగదు. వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి అన్నీ ఆ పాకల్లోనే. పదకొండు నెలలంటే ఒక బిడ్డ కడుపున పడి, పుట్టి, ఒళ్ళో నవ్వేంత కాలం. 13 వేల మంది జనంలో అన్నాళ్ళపాటు పురుళ్ళూ ఆగవు, చావులూ ఆగవు. ఊరు విడిచి ఒకరోజు ఊరేగింపుగా నడవడం ఆవేశంతో సాధ్యమే. పసిపిల్లలతో తాటాకుల కింద నెలల తరబడి నిలబడటం వేరు. ఈ ఉద్యమంలో వీరత్వమంటూ ఉంటే అది ప్రధానంగా ఇల్లు నడిపిన ఆడవాళ్ళది. చరిత్ర పుస్తకాలు వాళ్ళకు ఒక పేజీ కూడా ఇవ్వకపోవడం అన్యాయం.

వానాకాలం గడిచే వేళకి దెబ్బ పడింది. నిధుల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్య బరంపురంలో నిషేధాన్ని కాదని మాట్లాడి అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. రామనగరంలో డబ్బు నిండుకుంది. అయినా జనం వెంటనే చెదిరిపోలేదు. ఇంతలో అదే గుంటూరు జిల్లాలో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో భూమిశిస్తు కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేశాడు. పెదనందిపాడూ ఆగింది. చీరాల జనం కూడా ఒక్కొక్క కుటుంబంగా పాత ఇళ్ళకు తిరిగొచ్చారు.

మున్సిపాలిటీ ఉండిపోయింది, పన్నూ ఉండిపోయింది. ఆ లెక్కన చూస్తే వాళ్ళు ఓడిపోయారు. కానీ తమ ఊరు ఎలా నడవాలో తామే చెబుతామని ఒక చిన్న నేతపట్నం ప్రభుత్వం ముఖం మీద అనగలిగింది. అన్న మాటకు దాదాపు ఏడాది పాటు సొంత ఇంటినే పణంగా పెట్టింది. దేశంలో అప్పటికి అలాంటివి ఎక్కువ లేవు.

గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. క్షయతో 1928 జూన్ 10న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. విజయవాడలోని కాంగ్రెస్ కార్యాలయం ఆంధ్రరత్న భవన్‌గా ఆయన బిరుదునే మోస్తోంది. చీరాల 1970లో ఒంగోలు జిల్లాలోకీ (తర్వాత అదే ప్రకాశం జిల్లా అయింది), 2022లో బాపట్ల జిల్లాలోకీ మారింది. ఇప్పటికీ అది పురపాలక పట్టణమే, నేతకు పేరున్న ఊరే.