శాస్త్రేతరం, అశాస్త్రీయం: పంచాంగం చెప్పే భేదం

తెలుగులో 'అశాస్త్రీయం' నిందావాచకం. విజ్ఞానశాస్త్ర పరిధిలోకి రానిదానినీ, ఆ పరీక్షకు నిలవనిదానినీ ఈ ఒక్కమాటతో ఒకే గాటన కట్టడం పరిపాటి. ఈ రెండూ ఒకటి కావని స్వతంత్ర భారతదేశపు పంచాంగ సంస్కరణ చరిత్ర తెలుపుతుంది.

1952లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది. సంఘం 1955లో నివేదిక సమర్పించింది. సూర్యసిద్ధాంతం చెప్పిన సంవత్సరం ఋతుసంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. శతాబ్దాల తరబడి ఈ తేడా పేరుకొని 23 రోజులకు చేరింది. అందుచేతనే సూర్యుడు డిసెంబరు 22 ప్రాంతంలో ఉత్తరదిశకు మరలినా, ఉత్తరాయణ పుణ్యకాలాన్ని మనం జనవరి నడుమ పాటిస్తున్నాము. ఇది కొలిచి తేల్చగల విషయం. ఇక్కడ తప్పొప్పుల ప్రసక్తి ఉన్నది.

మాసం అమావాస్యతో ముగియాలా, పూర్ణిమతోనా అన్నది వేరు ప్రశ్న. ఢిల్లీలోని తెలుగువారికి ఉగాదినాడు చైత్రం ప్రారంభమవుతుంది. పొరుగున ఉన్న హిందీవారికి అప్పటికే చైత్ర కృష్ణపక్షం గడిచిపోయి ఉంటుంది. ఆకాశంలోని చంద్రుడు ఒక్కడే. ఏ దూరదర్శినీ ఈ భేదంపై తీర్పు చెప్పజాలదు. ఇది సమాజం చేసుకొన్న ఏర్పాటు. శాస్త్రేతరమే గాని అసత్యం కాదు. 1957 మార్చి 22న, చైత్రం 1, 1879గా అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగానికి శకాబ్దాన్ని ఎన్నుకోవడమూ ఇటువంటి ఏర్పాటే.

ఇక మిగిలినది ఫలభాగం. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 'జ్యోతిర్విజ్ఞాన' కోర్సులను తలపెట్టగా, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం వ్యవస్థాపకులు పుష్పమిత్ర భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా అప్పీలును తోసిపుచ్చింది. పాఠ్యక్రమ నిర్ణయం నిపుణుల సంస్థకు చెందినదని న్యాయస్థానం భావించింది. జాతకఫలాలు నిజమవుతాయని దాని అర్థం కాదు. పాఠం ఎవరు నిర్ణయించాలన్నది అధికార విచారణ. చెప్పిన ఫలం జరిగిందా అన్నది సత్యవిచారణ.

ఉగాది పచ్చడిని ఎవరూ నిరూపణ కోరరు. గ్రహణ సమయాన్ని కోరుతాము. గణకుడు సంతోషంగా చూపుతాడు. ఆదాయ వ్యయాలను, రాజపూజ్య అవమానాలను అంకెలలో ముందే ప్రకటించే రాశిఫలం, విజ్ఞానమన్న పేరు కోరినప్పుడు, అదే పరీక్షకు నిలబడాలి. ఆ పేరు కోరనంతవరకు అది ఆచారంగా ఉండవచ్చు. శాస్త్రేతరం కావడం లోపం కాదు. పరీక్షను తప్పించుకొంటూ శాస్త్రగౌరవాన్ని పొందగోరడమే అశాస్త్రీయం.