‘24 గంటల నొప్పి’కి ఆపరేషన్ తప్పదా?

మన ఊళ్లలో అపెండిసైటిస్‌ను ‘24 గంటల నొప్పి’ అంటారు. రోజు తిరిగేలోగా ఆపరేషన్ చేయించకపోతే ప్రాణం మీదికి వస్తుందన్న భయం ఆ పేరులోనే ఉంది. కానీ ఇక్కడ అమెరికాలో ఎమర్జెన్సీకి వెళితే కొందరికి డాక్టర్లు రెండు దారులు చెబుతున్నారు: ఆపరేషన్, లేదా యాంటీబయాటిక్స్. నేను డాక్టర్‌ని కాదు, సైన్స్ డిగ్రీ చదివిన గృహిణిని. మా వారికి ఈ నొప్పి వచ్చినప్పుడు చదివి తెలుసుకున్న విషయాలు మనవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

భయం ఎక్కడిది?

అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో తోకలా వేలాడే చిన్న గొట్టం. 1886లో బోస్టన్ డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, ఆలస్యం చేయకుండా తీసేయాలని చెప్పారు. అప్పట్లో యాంటీబయాటిక్స్ లేవు, స్కాన్లు లేవు. అది పగిలితే చీము కడుపంతా పాకేది. కాబట్టి ఆ రోజులకు ఆ తొందర సరైనదే.

ఇప్పుడు ఆ గడువునూ పరీక్షించారు. ఫిన్లాండ్, నార్వేల్లో జరిగిన పరిశోధన 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పగలని అపెండిసైటిస్‌తో ఆస్పత్రిలో చేరిన 1,803 మందిలో కొందరికి 8 గంటల్లోపు, కొందరికి 24 గంటల్లోపు ఆపరేషన్ చేయాలని పెట్టుకున్నారు. అపెండిక్స్ పగిలినట్టు తేలింది మొదటి వర్గంలో 8 శాతం, రెండో వర్గంలో 9 శాతం. అంటే పెద్ద తేడా లేదు. అయితే వీళ్లంతా ఆస్పత్రిలో డాక్టర్ల కళ్ల ముందు ఉన్నవాళ్లు. నొప్పితో ఇంట్లో కూర్చోవచ్చని దీని అర్థం కాదు.

మందులతో ఎంతమందికి తగ్గింది?

అమెరికాలో 25 ఆస్పత్రుల్లో జరిగిన ‘కోడా’ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. 1,552 మంది పెద్దవాళ్లను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి ఆపరేషన్, రెండో వర్గానికి 10 రోజుల యాంటీబయాటిక్స్. నెల తర్వాత చూస్తే రెండు వర్గాల ఆరోగ్యమూ దాదాపు సమానం. మందులు వాడినవారు సగటున 5 రోజులు, ఆపరేషన్ అయినవారు దాదాపు 9 రోజులు పని మానుకోవాల్సి వచ్చింది.

కానీ మందులు వాడిన ప్రతి 10 మందిలో దాదాపు ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఏడాదికి అది 40 శాతానికి, రెండేళ్లకు 46 శాతానికి చేరింది. కాబట్టి మందులతో ఆపరేషన్ కచ్చితంగా తప్పుతుందని అనుకోకూడదు. సుమారు సగం మందికి తప్పింది, మిగతావారికి వాయిదా పడింది.

రాయి ఉందా?

అసలు తేడా ఇక్కడే ఉంది. కొందరి అపెండిక్స్‌లో మలం గట్టిపడి చిన్న రాయిలా అవుతుంది. రాయి ఉన్నవారిలో 41 శాతం మందికి, లేనివారిలో 25 శాతం మందికి 90 రోజుల్లోపు ఆపరేషన్ అయింది. మందులతో వచ్చిన కాంప్లికేషన్లు కూడా రాయి ఉన్నవారిలోనే ఎక్కువ.

మా వారి సీటీ స్కాన్‌లో రాయి కనిపించింది. ఫోన్లో మా అత్తగారు వెంటనే తీయించేయమన్నారు, మరిది మందులు చాలన్నాడు. సర్జన్ ఈ లెక్కలే చెప్పారు. మేం ఆపరేషన్‌కే ఒప్పుకున్నాం. రాయి లేకపోయి ఉంటే బహుశా మందులే ఎంచుకునేవాళ్లం.

మందుల దారి ఎవరికి కాదు?

అపెండిక్స్ పగిలి ఇన్‌ఫెక్షన్ కడుపంతా పాకినవారిని, గర్భిణులను ఈ పరిశోధనలో చేర్చలేదు. కాబట్టి పై లెక్కలు వారికి వర్తించవు. 40 ఏళ్లు దాటినవారు ఆపరేషన్ లేకుండా బయటపడితే, అరుదుగా లోపల కణితి ఉండే అవకాశం ఉంది కనుక తర్వాత స్కాన్, కొలనోస్కోపీ అవసరమా అని అడగాలి.

డాక్టర్‌ని ఏం అడగాలి?

• స్కాన్‌లో రాయి ఉందా? పగిలిన గుర్తులున్నాయా?
• మందులు వాడితే ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి?
• త్వరలో ఇండియా ప్రయాణం ఉంటే, విమానంలోనో, ఆస్పత్రి దూరంగా ఉన్న ఊళ్లోనో నొప్పి తిరగబెడితే ఎలా?

మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకైతే విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లను మరో మాట అడగండి: ఇప్పుడు మందులతో తగ్గి, మళ్లీ వస్తే రెండోసారి ఖర్చు ఇస్తారా?

బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు పొత్తికడుపులోకి దిగే నొప్పి, ఆకలి లేకపోవడం, వాంతులు, జ్వరం ఉంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. పరిశోధనలో యాంటీబయాటిక్స్ మొదట కనీసం ఒక రోజు నరం ద్వారా ఇచ్చి, ఆ తర్వాతే మాత్రలకు మార్చారు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలు దానికి బదులు కావు.