మన వీధిలో తయారైన బుల్లెట్: పేరు లేని ఉస్తాదుల చరిత్ర

ఈసారి ఎపిసోడ్ స్టూడియోలో కాదు, యాప్రాల్‌లో మా ఇంటి పోర్టికోలో తీస్తున్నా. నా వెనక కనిపిస్తున్న ఇనుప అస్థిపంజరం ఒక పాత బుల్లెట్. ట్యాంకు ఆ గోడ పక్కన, ఇంజిన్ ఈ బల్ల మీద, చిన్న సామానంతా పెయింట్ డబ్బాల్లో ఉంది. ఆరు నెలలుగా ఇంట్లో వాళ్లకి బట్టలు ఆరేసుకునే చోటు కూడా లేదు.

దీన్ని ఎలా కడుతున్నానో చూపిస్తా. దానికంటే ముందు ఒక ప్రశ్న. ఇలా బండిని విప్పి, కోసి, మనకు నచ్చినట్టు మళ్లీ కట్టుకోవడం ఎవరు మొదలుపెట్టారు? మన దగ్గరికి ఎలా వచ్చింది? ఇన్‌స్టాలో చూస్తే ఇదంతా డబ్బున్నోళ్ల సరదాలా అనిపిస్తది. చరిత్ర చూస్తే మాత్రం కథ వేరే.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో అయిపోయింది. అమెరికా సైన్యం కోసం హార్లే డేవిడ్‌సన్ కంపెనీ వేల కొద్దీ బైకులు తయారు చేసింది. యుద్ధం అయ్యాక అవి మిగులు సామాను కింద తక్కువ ధరకి బయటికొచ్చాయి. ఇంటికి తిరిగొచ్చిన కుర్రాళ్లలో చాలామందికి ఇంజిన్ విప్పడం సైన్యమే నేర్పింది. బండి బరువు తగ్గాలని వాళ్లు ముందు మడ్‌గార్డ్ తీసేశారు, వెనకది సగానికి కోసేశారు. యుద్ధానికి ముందే కొందరు చేస్తున్న పని ఇది, యుద్ధం తర్వాత ఊరూరా పాకింది. దానికే తర్వాత బాబర్ అని పేరు. ఇంకా ఎక్కువ కోసి, ముందు ఫోర్కు పొడుగు చేస్తే చాపర్. చాప్ అంటే నరకడం. అంటే స్టైల్ తర్వాత పుట్టింది. ముందున్నవి మూడే: చవకగా దొరికిన సర్కారు బండి, పని నేర్చిన చెయ్యి, ఇంటి వెనక ఒక షెడ్డు.

1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమాతో చాపర్ ప్రపంచమంతా తెలిసిపోయింది. అమెరికా జెండా రంగుల ట్యాంకున్న ఆ బండి ఫోటో మీరూ ఎక్కడో చూసే ఉంటారు. అవి కూడా పోలీసులు వాడి వేలంలో అమ్మేసిన హార్లేలే. వాటిని రూపొందించింది క్లిఫ్ వాన్, లాస్ ఏంజిలిస్‌లోని తన షాపులో కట్టింది బెన్ హార్డీ. ఇద్దరూ నల్లజాతివాళ్లు. సినిమా టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ పడలేదు. నడిపిన హీరోలు ప్రపంచానికి తెలుసు. కట్టిన చేతుల గురించి జనం మాట్లాడుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మన దగ్గరికి రండి. స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యానికి గట్టి బైక్ కావాల్సొచ్చింది. 1950ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 తెప్పించుకున్నారు. 1955లో మద్రాస్ మోటార్స్, ఆ ఇంగ్లండ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. మొదట విడిభాగాలు ఇంగ్లండ్ నుంచి వస్తే ఇక్కడ బిగించేవాళ్లు, తర్వాత ఇక్కడే తయారీ. 1970 నాటికి ఇంగ్లండ్‌లో ఆ బైకుల తయారీ ఆగిపోయింది. ఇక్కడ ఆగలేదు.

ఆ బండికీ యాప్రాల్‌కీ ఏంటి సంబంధం? మ్యాప్ తెరవండి. 1806లో మొదలైన సికింద్రాబాద్ కంటోన్మెంట్ మనకు ఆనుకునే ఉంది. తిరుమలగిరిలో సైన్యానికి ఇంజనీర్లనీ మెకానిక్కులనీ తయారు చేసే ఈఎంఈ కాలేజీ ఉంది. ఈఎంఈ అంటే సైన్యంలో ట్యాంకు నుంచి మోటార్‌సైకిల్ దాకా అన్నీ రిపేర్ చేసే దళం, 1943లో పుట్టింది. యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఎంతమంది రిటైర్డ్ ఫౌజీలో మీకు తెలుసు. సైన్యం వాడేసిన బుల్లెట్లు వేలంలో అమ్ముడుపోతాయి, వాటినే మనోళ్లు మిలిటరీ డిస్పోజల్ బండి అంటారు. అంటే కాలిఫోర్నియాలో ఉన్న ఆ మూడూ మన దగ్గరా ఉన్నాయి. సర్కారు బండి ఉంది, పని తెలిసిన చెయ్యి ఉంది, ఇంటి ముందు పోర్టికో ఉంది.

బుల్లెట్‌నే ఎందుకు పట్టుకున్నారు అంటే, విప్పడానికి అది చాలా సులువు. పాత మోడల్‌లో ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, రెండింటినీ బోల్టులతో కలుపుతారు. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. కార్బురేటర్, ప్లాటినం పాయింట్లు, ఒక కాయిల్, అంతే. దశాబ్దాల పాటు డిజైన్ పెద్దగా మారలేదు కాబట్టి ఒక బండి సామాను ఇంకో బండికి చాలావరకు పడుతుంది. నాలుగు పానాలు, ఒక సుత్తి, కొంచెం ఓపిక ఉంటే ఇంజిన్ బల్ల మీదకొస్తుంది.

కానీ ఇంట్లో అన్ని పనులూ కావు. బోరు చేయించాలంటే, బుష్ తిప్పించాలంటే లేత్ మిషన్ కావాలి. ఇక్కడే మన ఊరి ఇంకో చరిత్ర తగులుతుంది. 1943లోనే సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ వచ్చింది, మిషన్లు తయారు చేసే మిషన్లు అక్కడ చేసేవాళ్లు. 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ వచ్చింది, దాన్నే సీఐటీడీ అంటాం. 1967లో మన కుషాయిగూడ వైపు ఈసీఐఎల్ వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ చుట్టూ చిన్న షెడ్లు మొలుస్తాయి. ఆ షెడ్లలో జాబ్ వర్క్ చేసే లేత్ ఆపరేటర్, సాయంత్రం మీ బుల్లెట్ బుష్ కూడా తిప్పి ఇస్తాడు. బోల్టులు, బేరింగులు రాణిగంజ్‌లో. బండి సామాను పుత్లీబౌలిలో. ఇంత దగ్గర దగ్గరగా ఇవన్నీ ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు.

ఇక వర్క్‌షాప్‌లో ఉస్తాద్. పదేళ్లప్పుడు పానాలు అందించడానికి చేరిన పిల్లాడు, చెవితోనే ఇంజిన్ జబ్బు చెప్పేంత ఎదుగుతాడు. సర్టిఫికెట్ ఉండదు, పుస్తకం ఉండదు. చదువుకోవాల్సిన వయసులో పనిలో పెట్టడం తప్పే, దాన్ని గొప్పగా చెప్పట్లేదు. కానీ ఆ చేతుల్లో ఉన్న విద్యను ఎవరూ రాసిపెట్టలేదన్నది కూడా నిజం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఐమోర్ కస్టమ్స్ లాంటి షాపులకి దేశమంతా పేరుంది, మంచిదే. వాటికి ముందు గల్లీల్లో బుల్లెట్లు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఏ టైటిల్స్‌లోనూ పడలేదు. బెన్ హార్డీ కథే, మన గల్లీలో.

ఇప్పుడు నా బండి సంగతి. వెనక ఛాసిస్ కోసి, సింగిల్ సీటు పెట్టి బాబర్ చేద్దామని నా ప్లాన్. చాక్‌పీస్‌తో గీత కూడా గీశా. మా పక్కింట్లో ఈఎంఈ నుంచి రిటైర్ అయిన అంకుల్ ఉంటారు. గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసి అడిగారు.

"బేటా, ఆర్సీ చదివినవా?"

"ఉంది అంకుల్, లోపల బీరువాలో ఉంది."

"ఉందా అని అడగలే. చదివినవా అని అడిగిన."

చదవలేదు. మీలో కూడా చాలామంది చదివి ఉండరు. ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరుతో పాటు రంగు, ఎంతమంది కూర్చోవచ్చు, ఇలాంటివి కూడా ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. 2000లో దాన్ని సవరించారు. కంపెనీ మొదట చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అన్నది దాని సారం. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టంలో ఇంకో మాట చేరింది: అనుమతి లేకుండా మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పూర్తిగా కొత్త ఫ్రేమ్‌తో బండి కట్టి రోడ్డెక్కించాలంటే, కంపెనీ కొత్త మోడల్‌కి చేయించినట్టు ప్రభుత్వం గుర్తించిన సంస్థలో పరీక్ష చేయించాలి. ఇంట్లో ఒక్క బండి కట్టేవాడికి అది అయ్యే పని కాదు.

నాకు కోపం వచ్చింది. నా బండి, నా డబ్బులు, నా చెమట. అంకుల్ ఫోర్కు చూపించి ఒక మాట అన్నారు. "ముందు ఫోర్కు పొడుగు చేస్తే మెల్లగ పోయేటప్పుడు హ్యాండిల్ మాట వినదు. తప్పు చోట వెల్డింగ్ పెడితే ఛాసిస్ చెప్పి విరగదు. నువ్వు ఒక్కనివే పడవు, ఎదురొచ్చేటోడు కూడ పడతడు."

నిజమే. పాత రోజుల్లో కోసినవాళ్లంతా హీరోలు కాదు. కొందరి వెల్డింగ్ రోడ్డు మీద విడిపోయింది, దానికి ఇంకొకరి ఎముకలు విరిగాయి. చట్టం ఊరికే పుట్టలేదు. అలాగని చిన్న షెడ్డులో జాగ్రత్తగా కట్టేవాడికీ పెద్ద కంపెనీకీ ఒకటే గేటు పెడితే, ఆ విద్య నేర్చుకునే చోటే మూసుకుపోతుంది. రెండూ నిజాలే. ఒక్కో బండిని పరీక్షించి అనుమతి ఇచ్చే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. మనకీ అలాంటి దారి కావాలని అడగడంలో తప్పు లేదు. దారి వచ్చేదాకా మాత్రం రోడ్డు మీద ఉన్న చట్టం ఇదే.

అందుకే చాక్‌పీస్ గీత తుడిచేశా. ఛాసిస్ అలాగే ఉంటుంది, రెండు సీట్లూ ఉంటాయి, సైలెన్సర్ కంపెనీదే. ఇంజిన్ మాత్రం పూర్తిగా విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి నా చేత్తో కడుతున్నా. రంగు మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడుగుతా. మీకో హెచ్చరిక కూడా: పెట్రోల్ ట్యాంకుకి ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, పేలుతుంది. అది తెలిసినవాళ్ల పని.

చివరగా ఒకటే కోరిక. మీ ఇంట్లో, మీ వీధిలో బండి విప్పి కట్టిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఈ ఆదివారం వెళ్లి కూర్చోండి. ఆయన అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఉస్తాద్ ఎవరు, మొదటి బండి ఏది, అడగండి. బండి తుప్పు పట్టినా మళ్లీ కట్టొచ్చు. ఆయన పోయాక ఆ చేతిపని గురించి అడగడానికి మనిషి ఉండడు.

నా బండి స్టార్ట్ అయిన రోజు మళ్లీ ఎపిసోడ్ పెడతా. మొదటి కిక్ నాది కాదు, అంకుల్‌ది. టైటిల్స్‌లో మొదటి పేరు కూడా ఆయన ఒప్పుకుంటే ఆయనదే. ఉంటా మరి, నమస్తే.