అంటు కట్టే పని యంత్రానిదే

కంప్యూటరులోని ఫైళ్ళ అమరికను వృక్షంతో పోల్చటం యూనిక్స్ నాటినుంచి వస్తున్న ఆచారం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు ఆ వ్యవస్థకు అంకురార్పణ చేశారు. 1974లో వారిద్దరూ ప్రకటించిన వ్యాసంలో 'మౌంటు' అనే ప్రక్రియ వివరం కలదు. వృక్షంలోని ఒక ఆకు స్థానంలో మరొక డిస్కులోని శాఖను సంపూర్ణంగా నిలపటమే ఆ ప్రక్రియ. మామిడికి అంటు కట్టటం చూచినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు. కంప్యూటరులో కట్టిన అంటును మళ్ళీ విప్పవచ్చు; అంతే భేదం.

డిస్కు ఆ గదిలోనే వున్నంతకాలం చిక్కు లేదు. 1980ల మధ్యకాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతిని వెలువరించింది. దూరపు యంత్రంలోని ఫైళ్ళు ఇంట వున్నట్లే కనిపించసాగాయి. కాని ఆ సర్వరు మూగబోయినపుడు, దాన్ని తాకిన ప్రతి ప్రోగ్రామూ సమాధానం కోసం నిలిచిపోతుంది. ఇది లోపం కాదు, బుద్ధిపూర్వకమైన ఏర్పాటు. సగం వ్రాసిన ఫైలును వదలుకోవటంకన్న వేచివుండటమే మేలని రూపకర్తల భావం.

ఈ నిరీక్షణను నేను స్వయంగా అనుభవించాను. ఒకనాడు ప్రసారానికి పది నిమిషాల ముందు నాటిక ఫైలు కోసం డైరెక్టరీ తెరిచాను. నాటిక వున్నది స్థానిక డిస్కులోనే. కాని దాని ప్రక్కనే, నెలల తరబడి ఎవరూ ముట్టని దూరపు అంటు ఒకటి వుంది. దాని సర్వరు ఆ ఉదయమే ఆగిపోయింది. జాబితా చూపబోయిన తెర స్తంభించింది. శ్రోతలకు ఆనాడు నాటికకు బదులు వాద్యసంగీతం వినిపించవలసి వచ్చింది.

అవసరం లేని అంటును ఎల్లవేళలా కట్టివుంచటం ఎందుకు? ఈ ప్రశ్న నుంచే 'ఆటోమౌంటరు' పుట్టింది. సన్ సంస్థకు చెందిన బ్రెంట్ కాలహాన్, టామ్ లయన్ దాన్ని గురించి 1989లో పత్రం సమర్పించారు. ఫైలును ఎవరైనా కోరినపుడే అంటు కట్టటం, కొంతకాలం ఎవరూ ముట్టకపోతే విప్పటం దాని పని. ఇంచుమించు అదే కాలంలో లండను ఇంపీరియల్ కళాశాలలో జాన్-సైమన్ పెండ్రీ 'ఎ.ఎం.డి.'ని రచించాడు. ఒక సర్వరు పలకకపోయినా తక్కిన పనులు ఆగకుండా చూడటం దాని విశిష్టత. అయితే ఈ తొలి సాధనాలు తామే చిన్న ఎన్.ఎఫ్.ఎస్. సర్వర్లుగా నటించేవి, ఆ నటుడు కూలితే నాటకం నిలిచిపోయేది.

లినక్స్‌లో హెచ్. పీటర్ ఆన్విన్ 1997 ప్రాంతంలో 'ఆటోఎఫ్ఎస్' నిర్మించి ఆ బాధ తగ్గించాడు. ద్వారం వద్ద కావలి కాసే పనిని కెర్నెలుకు అప్పగించి, అంటు కట్టే పనిని బయటి ప్రోగ్రాముకు విడిచాడు. 2010లో బయలుదేరిన 'సిస్టమ్‌డీ' కూడా ఆ కావలిదారునే వాడుకుంటుంది. కాబట్టి వీటిలో ఏది గొప్పదని వాదించుకోవటం కొంత వింతగానే వుంటుంది.

వందలాది వినియోగదారుల హోమ్ డైరెక్టరీలు సర్వరుపై వున్న విద్యాలయానికి ఆటోఎఫ్ఎస్ తగినది. దాని పటంలో చుక్కగుర్తుతో ఒక్క పంక్తి వ్రాస్తే అందరికీ సరిపోతుంది. సిస్టమ్‌డీలో ఈ సౌకర్యం లేదు. ఇంట్లో రెండు మూడు స్థిరమైన షేర్లున్నవారికి మాత్రం ఎఫ్‌స్టాబ్‌లో ఒక మాట చేర్చితే చాలు, సిస్టమ్‌డీ తానే చూచుకుంటుంది. నిర్ణీత విరామం తరువాత అంటును విప్పాలని విడిగా చెప్పాలి సుమా, చెప్పకపోతే విప్పదు! చేతిలో పట్టుకు తిరిగే యు.ఎస్.బి. డిస్కుకు ఈ రెండూ వద్దు. డెస్క్‌టాపులోని 'యుడిస్క్స్' చాలు. వ్రాత ముగిసి, విప్పటం పూర్తి అయినదాకా దాన్ని లాగివేయకూడదు.

ఈ సాధనాలలో ఏదీ, అంటు కట్టిన తరువాత వ్రాత మధ్యలో ఆగిన సర్వరును పలికించలేదు. 'సాఫ్ట్' మౌంటు పెట్టుకుంటే ప్రోగ్రాము త్వరగా విడివడుతుంది గాని, వ్రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. చదవటానికి మాత్రమే వుంచిన పాటల భాండాగారానికి నేను సాఫ్ట్ పెట్టాను. కొత్త రికార్డింగులు వ్రాసే చోట ఎంతసేపైనా వేచివుండనిస్తున్నాను.