భౌతిక విజ్ఞానం, కరువు, సమాజం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఆధారంగా ఒక పరిచయం

పరిచయం

ఖగోళ, భౌతిక, రసాయన, భూగర్భ, వాతావరణ శాస్త్రాలను కలిపి భౌతిక విజ్ఞానం అంటాం. వీటిని విడివిడి పాఠాలుగా చదవడం మనకు అలవాటు. కాని ప్రకృతిలో వీటి మధ్య గోడలు లేవు. విశ్వం నుంచి సమాజం దాకా మెట్ల వరస ఒకటి ఉంది. ప్రతి మెట్టూ పై మెట్టుకు ఆధారమవుతుంది, కాని దానిని పూర్తిగా నిర్ణయించదు. ఈ విషయాన్ని కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరుల చరిత్ర ఆధారంగా తెలుసుకుందాం.

నక్షత్రం, రాయి, నేల

విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. తొలినాళ్లలో అందులో దాదాపుగా హైడ్రోజన్, హీలియం మాత్రమే ఉండేవి. ఆక్సిజన్, సిలికాన్, ఇనుము వంటి మూలకాలు తర్వాత నక్షత్రాలలో తయారయ్యాయి. వాటితోనే సుమారు 454 కోట్ల ఏళ్ల క్రితం భూమి ఏర్పడింది. ఆదోని కోట నిలిచిన గ్రానైటు కొండల్లో ఎక్కువ పాలు ఆక్సిజన్, సిలికాన్‌లదే. ఈ ప్రాంతపు గ్రానైటులో చాలా భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది.

కొండల చుట్టూ నల్లరేగడి నేలలున్నాయి. వీటిలోని బంకమన్ను నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో ఈ చేలు నెర్రెలు విచ్చడానికి కారణం ఇదే. తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది కనుక పత్తికి, జొన్నకు ఈ నేల అనుకూలం. అయితే నైరుతి రుతుపవనాలు తమ నీటిని చాలావరకు పడమటి కనుమల మీదే వదిలేస్తాయి. కనుమలకు తూర్పున వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతానికి మిగిలే వాన తక్కువ.

ధాత కరువు, సూర్యుని మచ్చలు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్‌సెన్ గుంటూరు నుంచి దానిని పరిశీలించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యకాంతిని విశ్లేషించాడు. హీలియం ఉనికి ఈ పరిశీలనల వల్లనే బయటపడింది.

తర్వాత ఎనిమిదేళ్లకు, 1876లో, ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండగా వానలు తప్పాయి. 1876-78 నాటి ఈ క్షామాన్నే జనం ధాత కరువు అన్నారు. భారతదేశంలో దీనివల్ల 50 లక్షల మందికి పైగా మరణించారని అంచనా. 1877లో లాకియర్, గణాంకశాఖాధిపతి హంటర్ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. సూర్యునిపై మచ్చలు సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. అవి తగ్గిన ఏళ్లలోనే దక్షిణ భారతంలో కరువులు వస్తాయని వారి వాదన.

ఈ వాదనలో రెండు లోపాలున్నాయి. మొదటిది భౌతికమైనది. వారు ప్రధానంగా ఆధారపడినవి మద్రాసు నగర వర్షపాత లెక్కలు. మద్రాసుకు ముఖ్యమైనవి ఈశాన్య రుతుపవనాలు. ఆదోనికి ముఖ్యమైనవి నైరుతి రుతుపవనాలు. ఒక చోటి వాన మరొక చోటికి సాక్ష్యం కాదు. పసిఫిక్ సముద్రపు వేడిమిలో వచ్చే ఎల్‌నినో అనే మార్పు 1877లో తీవ్రంగా ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

రెండవది సామాజికమైనది. వాన పడకపోవడం అనావృష్టి. తినడానికి లేక మనుషులు చనిపోవడం క్షామం. ఈ రెండూ ఒకటి కావు. 1871 నాటికే ఆదోని మీదుగా మద్రాసు-రాయచూరు రైలుమార్గం పూర్తయింది. ధాన్యాన్ని తేవడానికి దారి ఉంది, పేదల చేతిలో కొనడానికి డబ్బు లేదు. పొలం పనులు ఆగి కూలీలు, బట్ట కొనేవారు లేక నేతగాళ్లు ఆదాయం కోల్పోయారు. ప్రభుత్వం వ్యాపారంలో జోక్యం చేసుకోలేదు. పైగా 1877 జనవరిలో కరువు పనుల కూలిలో ధాన్యం పాలును రోజుకు ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు, తగ్గించింది. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆ కూలి రేటుకు సూర్యుడు బాధ్యుడు కాడని మీరు గమనించాలి.

సమాజం చేసిన ప్రయత్నాలు

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. నూలు సరఫరా, బట్ట అమ్మకం ఉమ్మడిగా సాగితే విడి నేతగాడికి కొంత అండ దొరుకుతుంది. 1945లో శంకుస్థాపన జరిగిన తుంగభద్ర ప్రాజెక్టు నీరు దిగువ కాలువ ద్వారా ఈ ప్రాంతపు పొలాలకు అందింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని కర్నూలు జిల్లాలో చేరింది. వర్షచ్ఛాయ ఈనాటికీ మారలేదు. మారింది దానిని ఎదుర్కొనే ఏర్పాటు. కాలువ చివరి పొలానికి నీరు చేరుతుందా లేదా అన్నది మాత్రం నేటికీ పంపకానికి సంబంధించిన ప్రశ్నే.

సారాంశం

నక్షత్రాలు మూలకాలను, మూలకాలు రాతిని, రాయి నేలను ఇచ్చాయి. నేల, వాన కలిసి పంటకు హద్దులు గీశాయి. ఆ హద్దుల లోపల ఎవరు తింటారు, ఎవరు పస్తుంటారు అన్నది మనుషుల నిర్ణయం. భౌతిక విజ్ఞానం మొదటి విషయాన్ని వివరిస్తుంది. రెండవదానికి చరిత్రను కూడా చదవాలి.

మీ అవగాహనను సమీక్షించుకోండి

1. అనావృష్టికి, క్షామానికి గల తేడాను ధాత కరువు ఆధారంగా వివరించండి.
2. మీ ఊరి నేల, వాన, ప్రధాన వృత్తి మధ్య గల సంబంధాన్ని పది పంక్తులలో రాయండి.