తాగినవాడి మాట: వినిపించుకోని చరిత్ర

తాగుడు గురించి మన సమాజం చాలా మాట్లాడింది. సంస్కర్త మాట్లాడాడు. ఆబ్కారీ అధికారి మాట్లాడాడు. శాసనసభ మాట్లాడింది. చివరకు పల్లె స్త్రీలు మాట్లాడి ప్రభుత్వాలనే కదిలించారు. ఇంతమంది మాటల మధ్య తాగేవాడి మాట ఎక్కడ? తాగుడు మానాలని ఆసుపత్రి మెట్లెక్కి, ఓపీ చీటీ రాయించుకుని, కౌన్సెలర్ ముందు కూర్చున్నవాడి మాట ఎక్కడ? అక్కడ తనకు జరిగింది మేలో కాదో చెప్పగలిగిన మొదటి సాక్షి అతడే. ఆ సాక్ష్యాన్ని మనం ఎన్నడూ నమోదు చేసుకోలేదు. ఇది యాదృచ్ఛికం కాదనీ, దీనికి చారిత్రక కారణాలున్నాయనీ నా అభిప్రాయం.

ముందు సాహిత్యాన్నే చూద్దాం. గురజాడ 'కన్యాశుల్కం'లో సారా దుకాణపు రంగం ఉంది. తాగినవాళ్ళ వేదాంతాన్ని అంత సజీవంగా రికార్డు చేసిన రచన మనకు మరొకటి లేదు. కాని అక్కడి నవ్వు తాగినవాడి మీద నవ్వు. 1953లో వచ్చిన 'దేవదాసు' చిత్రం ఇందుకు భిన్నంగా కన్నీరు పెట్టించింది. అక్కడ తాగుడు ప్రేమ వైఫల్యానికి అలంకారమైంది. ఒకచోట విదూషకుడు, మరొకచోట విషాద నాయకుడు. ఈ రెంటి మధ్య, మానాలనుకుని మానలేక, మళ్ళీ ప్రయత్నించే మామూలు కూలివాడికి మన సాహిత్యంలో స్థానం చాలా తక్కువ.

చట్టాల చరిత్ర ఇంకా స్పష్టంగా ఉంది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం తాగేవాడిని ఆదాయ వనరుగా చూసింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించి, మన గోదావరి జిల్లాలకూ వచ్చింది. ఆ చట్టం అతన్ని నేరస్థుడిగా చూసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే, 1954 నవంబరులో, ప్రకాశం మంత్రివర్గం ఈ నిషేధం సమస్య మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుగీత కార్మికుల బతుకుతెరువు ఒకవైపు, గాంధేయ ఆదర్శం మరొకవైపు నిలిచిన ఆ చర్చ న్యాయమైనదే. అందులో గీసేవాడికి చోటు దొరికింది. తాగేవాడికి మాత్రం దొరకలేదు.

తర్వాతి చరిత్ర మనం చూసిందే. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2019లో దుకాణాలు ప్రభుత్వ కార్పొరేషన్ చేతికి వెళ్ళాయి, 2024లో తిరిగి ప్రైవేటు వారికి దక్కాయి. 2022 మార్చిలో అప్పటి మా పశ్చిమ గోదావరి జిల్లాలోని జంగారెడ్డిగూడెంలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు, నాటుసారా వల్లనేనని ప్రతిపక్షం, కాదని ప్రభుత్వం వాదించుకున్నాయి. దుకాణం ఎవరిది, ఆదాయం ఎవరిది అన్న ప్రశ్నకు మన రాజకీయాలు ఎన్నో జవాబులు ఇచ్చాయి. అలవాటుపడ్డ మనిషి ఏమవుతాడన్న ప్రశ్న ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

ఈ చరిత్రలో ఒక్క మినహాయింపు ఉంది. అది నెల్లూరు. 1990ల తొలినాళ్ళలో అక్కడి అక్షరాస్యతా కేంద్రాల్లో 'సీతమ్మ కథ' అనే పాఠం చదివారు. మొగుడి తాగుడు వల్ల చితికిపోయిన ఇల్లాలి కథ అది. దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని అప్పజెప్పి ఊరుకోలేదు. ఇది మా కథేనన్నారు, ఏం చేయాలో చర్చించారు, సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతటా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది. విద్య అంటే సంభాషణ అని బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ చెప్పిన మాటకు మన నేల మీద ఇంతకంటే గొప్ప నిదర్శనం లేదు. ఉపాధ్యాయుడిగా నన్ను ఆకర్షించేది ఇదే: నేర్చుకునేవాళ్ళు ఎదురు మాట్లాడిన చోట చరిత్ర కదిలింది. అయితే ఆ పాఠం ఇల్లాలికి గొంతునిచ్చింది. ఆమె భర్త చికిత్సకు వచ్చిననాడు అతనికి గొంతు ఎవరివ్వాలి?

వైద్య చరిత్రలోనూ ఈ గొంతు ఆలస్యంగానే వినపడింది. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఇద్దరు తాగుబోతులు, ఒకరు స్టాక్ వ్యాపారి, ఒకరు డాక్టరు, ఒకరి బాధ ఒకరికి చెప్పుకోవడంతో 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్' పుట్టింది. తాగినవాడి మాటే అక్కడ మందు. 1940ల్లో కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ గదిలోని సంభాషణలను రికార్డు చేసి, సలహాలివ్వడం కన్నా వినడం ముఖ్యమని వాదించాడు. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన అసలు విషయాన్ని బయటపెట్టింది. 550 మంది రోగుల్లో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పమని చికిత్సకులను అడిగితే, వారు ముగ్గురిని మాత్రమే చూపారు. నిజానికి దిగజారినవారు 40 మంది. చూపిన ముగ్గురిలోనూ సరిపోయింది ఒక్కరే. అనుభవమున్న కళ్ళు కూడా, అడగకపోతే, ఎదుట ఉన్న మనిషిని చూడలేవన్నమాట.

దీని నుంచే రోగి అభిప్రాయం తీసుకునే పద్ధతి బలపడింది. ఏమంత పెద్ద యంత్రాంగం కాదు. కూర్చున్న ప్రతిసారీ నాలుగైదు ప్రశ్నలు: ఈ వారం ఎలా గడిచింది, నా మాట విన్నారా, నేను చెప్పదలచుకున్న విషయమే మాట్లాడామా, ఈ పద్ధతి నాకు సరిపడుతోందా. ఆ జవాబులు తర్వాతి భేటీకి ముందే కౌన్సెలర్ చేతికి రావాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు పాల్ క్రిట్స్-క్రిస్టాఫ్, ఆయన సహచరులు వ్యసన చికిత్సా కేంద్రాల్లోని ఓపీ రోగులతో దీన్ని రెండు విధాలుగా పరీక్షించారు. మొదట పేర్లు లేకుండా అభిప్రాయాలు సేకరించి, సగటు కట్టి కౌన్సెలర్లకు అందించారు. 2010లో ప్రచురించిన ఫలితాల్లో ఆశించిన మార్పు కనిపించలేదు. తర్వాత ఒక్కొక్క రోగి జవాబును అతని కౌన్సెలర్‌కే అందించారు. గాడి తప్పుతున్నవారిని గుర్తించి, ఏం చేయవచ్చో కూడా సూచించారు. 2012లో వెలువడిన ఆ ప్రాథమిక అధ్యయనంలో గాడి తప్పుతున్నవారి విషయంలోనే మేలు కనిపించింది.

ఈ తేడా రచయితలు ప్రత్యేకంగా గమనించవలసింది. సగటు మనిషి ఎవరినీ మార్చలేదు. ఒక మనిషి, తన పేరుతో, తన బాధతో ఎదుట నిలిచినప్పుడే చికిత్స మారింది. కథకూ గణాంకానికీ ఉన్న తేడా ఇదే కదా!

అయితే ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు మన ఓపీ గదిలోకి తెచ్చి పెడితే సరిపోదు. ఉంగుటూరు చుట్టుపక్కల చూడండి. కొల్లేరు చేపల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాడు, రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు కౌన్సెలింగ్‌కు రావడమంటే ఒక రోజు కూలి వదులుకోవడం. అతన్ని 'ఎలా ఉంది?' అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: 'బాగుందండీ.' బడిలో తల్లిదండ్రుల సమావేశంలో ఏళ్ళ తరబడి నేను వింటున్న జవాబూ ఇదే. ఆ 'అండీ'లో మర్యాద ఉంది, భయం ఉంది, కులం ఉంది, మళ్ళీ వీరి దగ్గరికే రావాలన్న జాగ్రత్త ఉంది. దాన్ని సంతృప్తిగా లెక్కగట్టడమంటే భూస్వామ్య సంబంధాన్ని పట్టికలోకి ఎక్కించడమే. అతడు రావడం మానేస్తే రిజిస్టరులో 'మధ్యలో మానేశాడు' అని రాస్తారు. భార్య ఎదుట మందలించినందుకు మానేశాడా, కూలి పోతోందని మానేశాడా, ఎవరూ రాయరు.

కాబట్టి ప్రశ్న మారాలి. బాగుందా అని కాదు, ఈ రోజు చెప్పలేకపోయింది ఏమిటని అడగాలి. చదువురానివాడికి కాగితం బదులు బొమ్మలు చూపాలి. కౌన్సెలర్ కాక మరొకరు అడగాలి. ఇంటామె మాట విడిగా వినాలి, కాని దాన్ని అతని మాటకు బదులుగా వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, చెప్పినందువల్ల ఏదో ఒకటి మారిందని అతనికి కనిపించాలి. భేటీ వేళ సాయంత్రానికి మారినా చాలు. అప్పుడే రెండోసారి నిజం చెబుతాడు. విమర్శ భరించడం కౌన్సెలర్లకూ కష్టమే. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు వ్యక్తులకే శిక్షణనిచ్చి మద్యం కౌన్సెలింగ్ చేయించారు. వారు ఒకరి సంభాషణల రికార్డులు మరొకరు విని గుణదోషాలు చెప్పుకున్నారు. 2017లో వెలువడిన ఫలితాల్లో అక్కడ 36 శాతం మంది సమస్య నుంచి బయటపడ్డారు. మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో ఆ సంఖ్య 26 శాతం. వినడం నేర్చుకోగలిగిన విద్య అనడానికి ఇది చాలు.

వ్యసనాన్ని వ్యక్తి బలహీనతగా చూసే ధోరణిని అభ్యుదయ సాహిత్యం మొదటి నుంచీ ఎదిరించింది. శ్రమ, దోపిడీ, సారా ఆదాయం మధ్య సంబంధాన్ని ఎత్తిచూపింది. ఆ విశ్లేషణ నేటికీ అవసరమే. అది తాగేవాడి తరపున మాట్లాడింది. అతని చేత మాట్లాడించే పని మిగిలి ఉంది. మద్య విమోచన కేంద్రాల్లో వినే చీటీలు రావాలని కోరడం ఆరోగ్య సంస్కరణ మాత్రమే కాదు, ప్రజాస్వామిక డిమాండు. ఆ చీటీల మీది 'బాగుందండీ' వెనుక ఏముందో చదవగలిగే చెవి రచయితకు ఉండాలి. యువ కథకులు దుకాణం ముందే కాదు, ఓపీ వరండాలోనూ కాసేపు కూర్చోవాలి.